పిల్లల సైకిలు: వెనుక హబ్బు, ఫ్రీవీలు

మా విద్యార్థులలో పలువురు సైకిలుపై వచ్చువారే. ఇటీవల ఒక బాలుడు రోడ్డు దాటుచుండగా, పెడలు తొక్కినను చక్రము కదలక నడిమధ్యను నిలిచిపోయినాడు. అదృష్టవశమున ప్రమాదము తప్పినది. కావున తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఫ్రీవీలు లోపల స్ప్రింగుతో లేచు చిన్న నాలుకలుండును. ముందుకు తొక్కినపుడు అవి లోపలి పళ్ళకు తగులుకొని చక్రమును త్రిప్పును; తొక్కుట మానినపుడు పళ్ళపై జారుచుండును. చిక్కని గ్రీజు పట్టినచో నాలుకలు లేవవు. పలుచని నూనెయే వేయవలెను. శుభ్రపరచినను పట్టు తప్పుచున్నచో క్రొత్తది కొనుట మేలు.

పెడలు వద్ద పళ్ళచక్రమునకు 44 పళ్ళున్నవనుకొందము. 18 పళ్ళ ఫ్రీవీలుతో ఒక తొక్కుడు చుట్టుకు వెనుక చక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును; 22 పళ్ళదానితో సరిగా రెండే. వేగము తగ్గినను, పుస్తకముల బరువుతో మిట్ట ఎక్కు బిడ్డకు శ్రమ తగ్గును. పళ్ళు మార్చినపుడు చైను పొడవును కూడ సరిచూడవలెను.

హబ్బు రంధ్రముల సంఖ్య రిమ్ము రంధ్రములతో సరిపోవలెను; పాతకాలపు పెద్ద సైకిళ్ళ వెనుక చక్రమునకు సాధారణముగ 40 ఉండును. ఫ్రీవీలు బిగించు మర అరిగిన హబ్బును కొనరాదు. దానిపై క్రొత్త ఫ్రీవీలైనను నిలువదు.

నెలకొక ఆదివారము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇవి పరీక్షింపుడు. తన సైకిలును తానెరిగిన బిడ్డ దారిలో దిక్కుతోచక నిలువదు.