కారే గొట్టానికి కట్టు

కడపలోనో కర్నూలులోనో ఒక ఇల్లు అనుకోండి. వైశాఖమాసం. ఎండ దిగిన తరవాత మనవడు కొళాయి తిప్పి, గొట్టం పట్టుకుని, పెరట్లో మల్లెపొదకూ కరివేపాకు చెట్టుకూ నీళ్ళు పెడుతున్నాడు. గొట్టం నడుమ ఒకచోట సన్నని చిల్లి పడింది. అందులోనుంచి నీళ్ళు వెండి తీగలాగా పైకి చిమ్ముతున్నవి. వాడికి అది చాలా వేడుకగా ఉన్నది. గొట్టం కొసను బొటనవేలితో నొక్కితే ఆ తీగ ఇంకా పైకి లేస్తున్నది.

అరుగు మీద కూచున్న తాత ఇది చూసి, "ఏం నాయనా, నీళ్ళు చెట్లకు పెడుతున్నావా, బండలకు పెడుతున్నావా?" అన్నాడు.

"కారేది కొంచెమే కదా తాతా!" అన్నాడు మనవడు.

"కొంచెమో, ఎక్కువో కొలిచి చెప్పు. ఊరికే అంటే నేనొప్పుకోను. లోపలికి పోయి జేజినడిగి ఒక గ్లాసు తీసుకురా," అన్నాడు తాత.

వాడు 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు తెచ్చి, చిల్లిని కిందికి తిప్పి, గ్లాసు పట్టాడు. తాత గడియారం చూశాడు. రెండు నిమిషాలకు గ్లాసు నిండింది. వాడు వేళ్ళ మీద లెక్క వేశాడు. గంటకు 30 గ్లాసులు, అంటే 6 లీటర్లు. రోజూ అరగంట సేపు చెట్లకు నీళ్ళు పెడతారు కనుక రోజుకు 3 లీటర్లు. నెలకు 90 లీటర్లు. జేజి బిందె 15 లీటర్లు పడుతుంది. నెలకు ఆరు బిందెల నీళ్ళు బండల పాలవుతున్నవన్న మాట!

వాడికి నోట మాట రాలేదు. కొళాయి కట్టేసి వచ్చి తాత పక్కన కూచున్నాడు.

పిల్లలూ, మీ ఇంట్లో గొట్టం కారుతూ ఉంటే మీరు కూడా ఇట్లాగే కొలిచి చూడండి. మీ లెక్క ఇంకొకటి కావచ్చు. కాని కొలవకుండా "కొంచెమే" అని మాత్రం అనకండి.

మన కర్నూలు, కడప సీమలో సంవత్సరం మొత్తం మీద సుమారు 70 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అది కూడా అన్ని నెలలలోనూ కురవదు, అన్ని సంవత్సరాలలోనూ సరిగా కురవదు. అందుచేత ఇక్కడి పెద్దలు నీటిని సంపాదించటం ఎంత కష్టమో, వచ్చిన నీటిని జారిపోకుండా నిలుపుకోవటం కూడా అంత ముఖ్యమని ఏనాడో తెలుసుకున్నారు.

దీనికి సాక్ష్యం రాతి మీదనే ఉన్నది. కడప జిల్లాలోని పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు ఉన్నది. దాన్ని విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. ఆయనకే భవదూరుడని మరొక పేరు. ఆ చెరువుకు అనంతరాజసాగరం అని పేరు పెట్టారు. 1369లో వేయించిన సంస్కృత శాసనం ఆ చెరువు కథ చెబుతుంది. వెయ్యిమంది కూలీలు రోజూ పని చేశారట. రాళ్ళు మోయటానికి వంద బండ్లు తిరిగాయట. అయినా పని ముగియటానికి రెండేళ్ళు పట్టింది.

ఆ శాసనంలో ఇంకొక విశేషం ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలు పన్నెండు చెప్పి, ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు. ఉప్పునేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం ఒక దోషం. ఆ ఆరింటిలో మొట్టమొదట చెప్పిన దోషం ఏమిటో తెలుసా? కట్టలోనుంచి నీరు కారటం! చెరువు ఎంత పెద్దదైనా, కట్ట కారితే లాభం లేదని ఆరున్నర శతాబ్దాల కిందటనే రాయి మీద చెక్కి పెట్టారు.

మనవడికి తాత ఈ సంగతి చెప్పి, "చెరువు దాకా ఎందుకు? ఈ గొట్టంలాంటిది మా బావి దగ్గర కూడా ఉండేది," అన్నాడు.

"కరెంటు లేని రోజుల్లో గొట్టమెక్కడిది తాతా?"

"తోలు గొట్టంరా! నా చిన్నతనంలో మా నాయన కపిల తోలేవాడు," అన్నాడు తాత.

కపిల అంటే ఎద్దులతో బావినీరు తోడే సాధనం. పెద్ద బానకు అడుగున తోలుతో కుట్టిన పొడుగాటి తొండం ఉండేది. ఎద్దులు వాలుగా ఉన్న బాటలో కిందికి నడిస్తే, మోకు లాగబడి బాన పైకి వచ్చేది. బాన పైకి వచ్చేదాకా తొండం కొసను ఇంకొక తాడు పైకెత్తి పట్టి ఉంచేది. అందుచేత నీళ్ళు ఒలికేవి కావు. బాన ఒడ్డుకు రాగానే తొండం తొట్టిలోకి దిగి నీళ్ళు కుమ్మరించేది. తొండానికి చిల్లి పడితే, తోలుపని తెలిసిన వారు మాసిక వేసి కుట్టేవారు. అంతవరకూ ఎద్దులు ఎంత లాగినా కొన్ని నీళ్ళు మళ్ళీ బావిలోకే పోయేవి. ఎద్దుల కష్టం కూడా వాటితోనే పోయేది.

దూరదేశాలలో కూడా ఒకప్పుడు తోలు గొట్టాలు వాడేవారు. 1670ల్లో హాలండు దేశపు ఆమ్‌స్టర్‌డాం నగరంలో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు మంటలార్పటానికి తోలు గొట్టాలు కుట్టించాడు. వాటికి కూడా కుట్లు కారటమే పెద్ద చిక్కు.

ఇప్పుడు మన గొట్టం సంగతి చూద్దాం. గొట్టానికి చిల్లి ఎందుకు పడుతుంది? నేటి గొట్టాలు చాలావరకు పి.వి.సి. అనే ప్లాస్టిక్కుతో చేసినవి. ఎండలో ఉండే అతినీల కిరణాలు ప్లాస్టిక్కును క్రమంగా పెళుసు చేస్తాయి. మన ఇళ్ళ ముందు పరిచిన నల్లని కడప బండ మధ్యాహ్నం పెనంలాగా కాలుతుంది. దాని మీద పడివున్న గొట్టం ఆ వేడికి మెత్తబడుతుంది. కొళాయి కట్టకుండా కొస మూసేస్తే, లోపలి నీటి ఒత్తిడికి ఆ మెత్తని చోట ఉబ్బి పగులుతుంది. ఒకేచోట మాటిమాటికీ మడిచినా, బండల అంచుల మీద ఈడ్చినా అంతే.

కొస మూస్తే నీటి తీగ ఎందుకు పైకి లేచింది? నీళ్ళు తొట్టి ఎంత ఎత్తున ఉంటే గొట్టంలో అంత ఒత్తిడి ఉంటుంది. తొట్టి 10 మీటర్ల ఎత్తున ఉంటే, చదరపు సెంటీమీటరు చోటు మీద, అంటే సుమారు మీ గోరంత చోటు మీద, ఒక కిలో బరువు పెట్టినట్లు! కొస తెరిచి ఉంటే నీళ్ళు పరుగెత్తుతూ, గొట్టం గోడలతో రాసుకుంటూ ఆ బలాన్ని చాలావరకు పోగొట్టుకుంటాయి. కొస మూస్తే పరుగు ఆగి, ఆ బలమంతా గోడల మీద పడుతుంది. అందుకే ఉత్త గుడ్డపీలిక చుట్టినా, నల్లటేపు అంటించినా రెండు రోజులకే ఊడిపోతుంది.

ముందు చిల్లి ఎక్కడున్నదో కచ్చితంగా తెలుసుకోవాలి. నీళ్ళు ఒకచోట బయటికి వచ్చి, గొట్టం వెంబడి జారి, ఇంకొకచోట కారుతూ ఉంటాయి. కారేచోటే చిల్లి ఉన్నదనుకుంటే మోసపోతాం. గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచి, కొస మూసి, కొళాయి కొద్దిగా తిప్పి, చేత్తో తడుముతూ రావాలి. చిల్లి దొరకగానే పక్కన దారం కట్టి గుర్తు పెట్టండి. తరవాత కొళాయి కట్టేయండి.

చిల్లి సన్ననిదయితే కట్టు చాలు. సైకిలు షాపులో పాడైపోయిన ట్యూబు ముక్క అడిగి తెచ్చుకోండి. దాన్ని పొడుగునా అంగుళం వెడల్పు పట్టీగా కత్తిరించండి. రెండడుగుల పొడుగు ఉండాలి. గొట్టాన్ని బాగా ఆరనిచ్చి, చిల్లికి రెండంగుళాల ఇవతల మొదలుపెట్టి, పట్టీని సాగదీస్తూ చుట్టండి. ప్రతి చుట్టూ ముందటి చుట్టును సగం కప్పాలి. చిల్లి దాటి రెండంగుళాలు పోయి, మళ్ళీ వెనక్కి చుట్టుకుంటూ రండి. చివరి కొసను ఆఖరి చుట్టు కిందికి దూర్చి లాగి, పైన పురికొసతో కట్టండి. గొట్టం నొక్కుకుపోయేటంత గట్టిగా మాత్రం లాగకండి.

ఇందులో జిగురేమీ లేదు కదా, నీరెట్లా ఆగుతుంది? సాగదీసిన రబ్బరు తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. ప్రతి చుట్టూ చిల్లిని లోపలికి నొక్కుతుంది. అన్ని చుట్ల బలం కలిసి నీటి ఒత్తిడిని ఆపుతుంది. పచ్చి రబ్బరుకు ఈ గుణం సరిగా ఉండదు. అది ఎండకు జిగటవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు నిలకడగా ఉంటుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. మీ సైకిలు ట్యూబు ఆ విద్యతో తయారైనదే.

పంక్చరు సొల్యూషను పెట్టి అతుకు వేస్తే సరిపోదా అని అడుగుతారేమో. రబ్బరు గొట్టానికి అది పనికివస్తుంది. పి.వి.సి. గొట్టానికి గట్టిగా పట్టుకోదు.

చీలిక పొడుగుగా ఉంటే కట్టు నిలవదు. అప్పుడు చెడిన ముక్కను కోసి తీసేయాలి. ఈ పనిలో చాకు ఉన్నది కనుక అమ్మనో నాన్ననో పిలవండి. చీలికకు రెండు వైపులా అంగుళం చొప్పున వదిలి, అడ్డంగా తిన్నగా కోయాలి. గొట్టం లావుకు సరిపోయే జాయింటు ముక్క ఒకటీ, క్లిప్పులు రెండూ పైపుల దుకాణంలో దొరుకుతాయి. ముందు క్లిప్పులను రెండు ముక్కలకూ ఎక్కించుకోవాలి. ఇది మరిచిపోయి, అంతా అయిన తరవాత నాలుక కరుచుకునేవారు చాలామంది! గొట్టం కొసలను వేడినీళ్ళలో అరనిమిషం ముంచితే మెత్తబడి జాయింటు మీదికి సులువుగా ఎక్కుతాయి. నిప్పు సెగ మాత్రం చూపకూడదు. తరవాత క్లిప్పుల మరలు బిగించాలి.

కొళాయి దగ్గర కారితే పని ఇంకా తేలిక. అక్కడ గొట్టం కొస సాగి వదులై ఉంటుంది. రెండంగుళాలు కోసి, కొత్త కొసను ఎక్కించి, క్లిప్పు బిగిస్తే చాలు. మరతో బిగించే రకమయితే లోపలి వాషరు అరిగి ఉంటుంది. దాన్ని మార్చాలి.

కట్టు కట్టినంత మాత్రాన పని అయినట్లు కాదు, పరీక్షించాలి. మన మనవడు కూడా కట్టు కట్టి, కొళాయి తిప్పి, కొసను వేలితో మూసి, అదే గ్లాసు కింద పెట్టాడు. రెండు నిమిషాలు గడిచినవి. గ్లాసులో ఒక్క చుక్కా పడలేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు తాత.

"నీళ్ళు పెట్టటం కాగానే కొళాయి కట్టి, గొట్టంలో నీళ్ళన్నీ చెట్టు మొదట్లో వదిలేస్తాను. చుట్ట చుట్టి నీడలో పెడతాను. బండ మీద పడెయ్యను."

"మరి మిగిలిన ఆరు బిందెలు?"

వాడు పెరట్లో నాలుగువైపులా చూశాడు. గోడ పక్కన నీళ్ళు చాలవని జేజి వదిలేసిన పాదు ఒకటి ఖాళీగా ఉన్నది.

"జేజీ! నీ దగ్గర బీరవిత్తనాలు ఉన్నాయా?" అని కేకవేస్తూ లోపలికి పరుగెత్తాడు.