అడవి ఎత్తు పటాలు: ఉచిత ఉపగ్రహ దత్తాంశాలతో నిర్మాణం, క్షేత్ర పరీక్ష

వ్యాససంగ్రహం

ఉపగ్రహ చిత్రాల ఆధారంగా అడవి విస్తీర్ణాన్ని లెక్కించడం పాత విషయమే. చెట్ల ఎత్తును కూడా విశాల ప్రాంతాలకు అంచనా వేసే అవకాశం ఇటీవలి కాలంలో విస్తృతమైంది. అందుకు అవసరమైన దత్తాంశాలు, ప్రోగ్రామింగ్ ఉపకరణాలు పరిశోధకులకు ఉచితంగా లభిస్తున్నాయి. ఈ పద్ధతిని నల్లమల వంటి ఆకురాల్చు కొండ అడవులకు అన్వయించినప్పుడు ఎదురయ్యే చిక్కులను, పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వృక్ష ఛత్రం, లైడార్, గెడి, సెంటినెల్, రాండమ్ ఫారెస్ట్, నల్లమల

1. ఉపోద్ఘాతం

చెట్ల కొమ్మలు, ఆకులు కలిసి నేలపై పరచే పందిరిని వృక్ష ఛత్రం అంటారు. భారత అటవీ సర్వే సంస్థ నివేదికలలో కనీసం ఒక హెక్టారు విస్తీర్ణం, 10 శాతం ఛత్ర సాంద్రత ఉన్న భూములు అటవీ ఆచ్ఛాదనగా పరిగణింపబడతాయి. ఈ నిర్వచనంలో సాంద్రత ఉంది గాని ఎత్తు లేదు. అందువల్ల కొన్నేళ్ల వయసున్న జామాయిల్ తోట, తరాల నాటి సహజారణ్యం ఒకే వర్గంలో చేరే అవకాశం ఉంది.

కార్బన్ నిల్వల గణనలో ఈ లోపం ముఖ్యమైనది. ఉష్ణమండల వృక్షాలకు షావ్ బృందం 2014లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, చెట్టు జీవద్రవ్యం దాని ఎత్తుకు దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది. కాండం వ్యాసం, కలప సాంద్రత మారకుండా ఎత్తును 20 శాతం ఎక్కువగా అంచనా వేస్తే, జీవద్రవ్యం సుమారు 19 శాతం ఎక్కువగా తేలుతుంది. కనుక ఎత్తు పటంలోని దోషం అక్కడితో ఆగదు. దానిపై ఆధారపడిన ప్రతి లెక్కలోకీ ప్రవేశిస్తుంది.

2. కొలత స్వరూపం

నాసా 2018 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన గెడి అనే లైడార్ పరికరం లేజర్ కాంతిని భూమి మీదికి పంపి, తిరిగి వచ్చిన కాంతి కాలక్రమాన్ని నమోదు చేస్తుంది. ఛత్రాన్ని తాకిన కాంతి ముందుగా, నేలను తాకినది తరువాత చేరుతాయి. ఆ వ్యవధి నుంచి ఎత్తు తెలుస్తుంది. నేల నుంచి ఏ ఎత్తు లోపల 98 శాతం కాంతిశక్తి ఇమిడి ఉందో సూచించే విలువను ఎక్కువమంది ఛత్ర ఎత్తుగా స్వీకరిస్తారు.

అయితే గెడి అందించేది చిత్రం కాదు, నమూనా. ఒక్కొక్క కాంతి మచ్చ వ్యాసం సుమారు 25 మీటర్లు. ఒకే బాటలో వరుస మచ్చల కేంద్రాల మధ్య 60 మీటర్లు, పక్కపక్క బాటల మధ్య సుమారు 600 మీటర్ల దూరం ఉంటుంది. మధ్యనున్న భూమి కొలతకు అందదు.

3. పటం నిర్మాణక్రమం

ఆ ఖాళీలను పూరించడానికి ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-2 చిత్రాలు, సెంటినెల్-1 రాడార్ దత్తాంశాలు తోడ్పడతాయి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో గాని, పైథాన్, ఆర్ భాషలలో గాని ఈ పని నాలుగు దశలలో సాగుతుంది. మొదట నాణ్యతా సూచికల ఆధారంగా లోపభూయిష్టమైన గెడి మచ్చలను తొలగించాలి. రెండవ దశలో మేఘాలు లేని చిత్రాల మధ్యగత విలువలతో ఒక సమ్మిశ్ర చిత్రాన్ని రూపొందించి, దానికి భూమి ఎత్తు, వాలు పొరలను జతచేయాలి. మూడవ దశలో గెడి మచ్చలున్న చోట ఈ పొరల విలువలను సేకరించి, రాండమ్ ఫారెస్ట్ వంటి అల్గారిథమ్‌కు శిక్షణ ఇవ్వాలి. చివరగా ప్రతి పిక్సెల్‌కు ఎత్తును అంచనా వేయించాలి.

పొటపోవ్ బృందం 2021లో గెడి, ల్యాండ్‌శాట్ దత్తాంశాలను కలిపి 30 మీటర్ల స్పష్టతతో ప్రపంచ పటాన్ని ఇటువంటి మార్గంలోనే వెలువరించింది. గెడి కొలతలతోనే పోల్చినప్పుడు దాని వర్గమధ్యమ మూల దోషం 6.6 మీటర్లు. అరవై మీటర్ల వృక్షాలున్న వర్షారణ్యంలో ఇది సహించదగినదే కావచ్చు. పది పన్నెండు మీటర్ల చెట్లున్న శుష్క అడవిలో అంతటి దోషం కొలతలో సగానికి పైబడుతుంది.

4. నల్లమలలో ఎదురయ్యే చిక్కులు

మొదటిది వాలు. 30 డిగ్రీల వాలుపై పడిన 25 మీటర్ల మచ్చలో నేల పై అంచుకూ కింది అంచుకూ మధ్య 14 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. నేల నుంచి తిరిగివచ్చే సంకేతం ఆ మేరకు సాగి, పొట్టి చెట్ల సంకేతంతో కలిసిపోతుంది. కనుక నిటారు వాలులపై పడిన మచ్చలను శిక్షణ నుంచి మినహాయించడమో, విడిగా పరీక్షించడమో అవసరం.

రెండవది రుతువు. నల్లమలలోని చెట్లలో అధికభాగం వేసవి సమీపించేసరికి ఆకు రాలుస్తాయి. ఆకులు లేని ఛత్రం నుంచి తిరిగివచ్చే కాంతి తగ్గడం వల్ల ఎత్తు తక్కువగా నమోదు కావచ్చు. వానాకాలపు చిత్రాలను మేఘాలు కప్పివేస్తాయి. కనుక వానలు వెనుదిరిగిన తరువాత, ఆకు రాలక ముందు లభించే కొద్ది నెలల దత్తాంశాలను ఎంచుకోవడం ఉచితం. లైడార్ మచ్చల తేదీలను, చిత్రాల తేదీలను ఒకే రుతువుకు పరిమితం చేయాలి.

5. ఖచ్చితత్వ పరీక్ష

మచ్చలన్నింటినీ యాదృచ్ఛికంగా విభజించి 70 శాతాన్ని శిక్షణకు, 30 శాతాన్ని పరీక్షకు వాడడం తరచుగా కనిపించే పద్ధతి. ఇక్కడ అది తప్పుదారి పట్టిస్తుంది. అరవై మీటర్ల దూరంలోని రెండు మచ్చలు సాధారణంగా ఒకే రకమైన అడవిలో ఉంటాయి. వాటిలో ఒకటి శిక్షణకు, మరొకటి పరీక్షకు పోతే, ప్రశ్నపత్రాన్ని ముందే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కుల వంటి ఫలితమే వస్తుంది. ప్రాంతాన్ని పెద్ద గడులుగా విభజించి, కొన్ని గడులను శిక్షణకు పూర్తిగా దూరంగా ఉంచి పరీక్షించడం సరైన మార్గం.

అది కూడా నమూనాను గెడితోనే పోల్చుతుంది. గెడి కొలతలోనే దోషం ఉంటే ఆ పరీక్షలో అది బయటపడదు. అందుకు క్లైనోమీటర్‌తో గాని, లేజర్ ఎత్తుమాపకంతో గాని చెట్లను కొలిచిన క్షేత్ర గడులు కావాలి. సమతలాలు, వాలులు, లోయలు వేర్వేరుగా ప్రాతినిధ్యం పొందాలి. మచ్చ స్థాననిర్ణయంలో సుమారు 10 మీటర్ల పొరపాటుకు అవకాశం ఉన్నందున, క్షేత్ర గడి మచ్చ కంటే పెద్దదిగా ఉండడం మేలు.

6. ముగింపు

ఇటువంటి పటంలో ప్రతి పిక్సెల్ ఒక అంచనా; కొలత జరిగింది కొద్ది మచ్చలలో మాత్రమే. పొట్టి చెట్లను ఎక్కువగాను, పొడవైన వాటిని తక్కువగాను చూపే ధోరణి ఈ అంచనాలలో సాధారణం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నైసార్ రాడార్ ఉపగ్రహంతో దత్తాంశాలు మరింత పెరుగుతాయి. అయినా క్షేత్ర కొలతల అవసరం తగ్గదు. ఒక జిల్లా అడవిలో పద్ధతి ప్రకారం చెట్లను కొలిచి, ఆ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచే కళాశాల వృక్షశాస్త్ర, భూగోళశాస్త్ర విభాగాలు ఈ రంగంలోని ప్రధానమైన కొరతను తీర్చగలవు.