అప్‌డేట్ లేని యంత్రం

2024 మే 13న తిరువూరు ఓటర్లు ఒక్కొక్కరూ రెండేసి మీటలు నొక్కారు. ఒకటి అసెంబ్లీకి, ఇంకోటి విజయవాడ పార్లమెంటు స్థానానికి. మన చేతిలోని ఫోను నెల తిరగకుండా అప్‌డేట్ అడుగుతుంది. బూత్‌లోని ఈవీఎంకు ఆ గొడవే లేదు. మన దేశంలో తయారైన ఎలక్ట్రానిక్ సరుకుల్లో నాకు బాగా నచ్చింది అదే. ఎందుకంటే చాలా పనులు దానికి చేతకావు.

దాని పుట్టిల్లు హైదరాబాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1979లో తొలి నమూనా తయారుచేసింది. తర్వాత బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కూడా చేయి కలిపింది. 1982 మేలో కేరళ అసెంబ్లీ ఎన్నికల్లో పరవూరు స్థానంలోని 50 బూత్‌లలో వాడి చూశారు. గెలిచినాయనకు మెజారిటీ 123 ఓట్లే. ఓడినాయన కోర్టుకెక్కాడు: చట్టంలో బ్యాలెట్ పేపరే ఉంది గానీ యంత్రం మాటే లేదు కదా అని. 1984లో సుప్రీంకోర్టు ఆ వాదనే ఒప్పుకుంది. ఆ 50 చోట్లా మళ్లీ కాగితం మీద ఓట్లేయించారు. ఈసారి ఓడినాయనే గెలిచాడు. 1988 చివర్లో చట్టం మారింది. దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు దీనితోనే జరిగింది మాత్రం 2004లో, అంటే నమూనా పుట్టిన పాతికేళ్లకు.

లోపల సంగతి చాలా సాదా. ఓటరు ముందు బ్యాలెట్ యూనిట్, తీగకు అవతలి కొసన పోలింగ్ అధికారి దగ్గర కంట్రోల్ యూనిట్. అధికారి అక్కడ మీట నొక్కితేనే ఇక్కడ ఒక ఓటుకు అనుమతి. బీప్ వినిపించాక ఎంత బాదినా లెక్కలోకి రాదు. బూత్‌ను ఆక్రమించినవాడైనా నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి వేయలేడు. ఒకప్పుడు బ్యాలెట్లు కట్టలకు కట్టలు గుద్ది డబ్బాలో పోసిన రోజులు తెలిసినవాళ్లకు ఈ నత్తనడక విలువ తెలుస్తుంది. బ్యాటరీతో నడుస్తుంది, ఇంటర్నెట్ లేదు. ప్రోగ్రాం చిప్‌లో ఒక్కసారే రాస్తారు. ముందు జనం మీదికి వదిలేసి తర్వాత తీరిగ్గా దిద్దుకునే నేటి యాప్‌ల పద్ధతి ఇక్కడ కుదరదు.

దీన్ని గట్టిగా పరీక్షించింది ఇంజినీర్లు కాదు, నిజామాబాద్ పసుపు రైతులు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోసం 2019లో గుంపుగా నామినేషన్లు వేశారు. బరిలో మిగిలింది 185 మంది. పాత యంత్రానికి 64 పేర్లే గరిష్ఠం. అందుకని 384 దాకా పట్టే కొత్త తరం యంత్రాలు తెప్పించి, బూత్‌కు పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరసగా తగిలించారు.

వీవీప్యాట్ వచ్చాక పాత నిరాడంబరత కొంచెం తగ్గింది. ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద ఏడు సెకన్లు చూపించే ఈ పెట్టెలోకి ప్రతి ఎన్నికకూ గుర్తులు బయటి నుంచి ఎక్కించాలి. అనుమానాలన్నీ ఇప్పుడు అక్కడే ముసురుతున్నాయి. అన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. గుర్తులెక్కించే పరికరాలను ఫలితాల తర్వాత కనీసం 45 రోజులు సీలు వేసి భద్రపరచాలని 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆదేశించింది.