మండే మే కన్నా ముసురు జులైతోనే తంటా

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు భారీ డేటా సెంటర్‌ను ప్రకటించగానే పాత సందేహమొకటి మళ్లీ లేచింది: నలభై డిగ్రీలకు కాగే హైదరాబాద్‌లో సర్వర్లను చల్లార్చడం కన్నా సముద్రపు ఒడ్డే నయం కదా? సముద్రగర్భ కేబుళ్ల కోసమైతే నయమే. చల్లదనం దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది.

హైటెక్ సిటీలో కంట్రోల్‌ఎస్ సంస్థ డేటా సెంటర్ ఎప్పటినుంచో ఉంది. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ కేంద్రాన్ని ప్రకటించింది, అదే ఏడు నవంబరులో అమెజాన్ తన కేంద్రాలను ప్రారంభించింది. సర్వర్ తిన్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. కేంద్రం వాడిన మొత్తం కరెంటును కంప్యూటర్లు వాడిన దానితో భాగిస్తే వచ్చేది పీయూఈ. అది 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత పొదుపు.

అసలు కిటుకు తడిబల్బు ఉష్ణోగ్రతలో ఉంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే, నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుని పాదరసాన్ని కిందికి దించుతుంది. అది ఎక్కడ ఆగుతుందో, నీటిని కొంత ఆవిరి చేసి మిగతాదాన్ని చల్లార్చే కూలింగ్ టవర్‌కు అదే హద్దు. నీటిని అంతకన్నా చల్లార్చలేదు. మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. తడిబల్బు దాదాపు 23. జులై ముసురులో 30 డిగ్రీలు, తేమ 75 శాతం అయితే దాదాపు 26. ఒళ్లు చల్లబడిన రోజునే టవర్‌కు మూడు డిగ్రీల భారం! ఇక విశాఖలో 35 డిగ్రీలు, తేమ 65 శాతం ఉన్న పూట 29 దాటుతుంది. మేలో హాయినిచ్చిన ఎయిర్ కూలర్ జులైలో గదిని జిడ్డు చేసి ఊరుకునేదీ ఇందుకే.

సర్వర్లను వణికిస్తేనే భద్రమన్న నమ్మకం పొడి వేడి ఇచ్చే ఈ లాభాన్ని చాలాకాలం అందనివ్వలేదు. ఇంటెల్ 2007-08లో న్యూమెక్సికోలో సుమారు 900 సర్వర్లను పది నెలలు పరీక్షించింది. సగం ఏసీలో, సగం 32 డిగ్రీల దాకా వేడెక్కే బయటి గాలిలో. దుమ్ము పొరలు కట్టినా చెడిపోయినవాటి సంఖ్యలో పెద్ద తేడా లేదు. 2008లోనే ఏసీ ఇంజనీర్ల సంస్థ ఆష్రే, సర్వర్లకు అందే గాలికి తాను సిఫార్సు చేసే గరిష్ఠ ఉష్ణోగ్రతను 25 నుంచి 27 డిగ్రీలకు పెంచింది. ఆ 27కీ మే నాటి 23కీ మధ్య సందులోనే ఏసీ కంప్రెసర్‌కు సెలవు దొరుకుతుంది.

సెలవు ఉచితం కాదు. ఒక మెగావాట్ వేడిని ఆవిరితోనే తోలాలంటే గంటకు దాదాపు 1,500 లీటర్ల నీరు కావాలి, అదీ మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నెలల్లో. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా కృష్ణా నీటిని ఎత్తిపోసే కరెంటు జలమండలి బిల్లులో పడుతుంది, పీయూఈలో కనబడదు. నీటికి డబ్ల్యూయూఈ అనే కొలత 2011 నుంచే ఉన్నా, ప్రచారమంతా పీయూఈకే. శుద్ధి చేసిన మురుగునీటితోనూ టవర్లు నడుస్తాయి. కాకపోతే పైపుల్లో లవణాలు, నాచు పేరుకోకుండా దాన్ని ఇంకోసారి శుద్ధి చేసుకోవాలి.