పిల్లలకు పాము కరిస్తే

పాము కాటులో విషం ఎంత ఎక్కేదీ కరిపించుకున్నవాళ్ల వయసును బట్టి ఉండదు. అరవై కిలోల మనిషికి ఎక్కేంత విషమూ పదిహేను కిలోల బిడ్డకూ ఎక్కవచ్చు. ఒళ్లు చిన్నది కనుక బిడ్డకు ప్రమాదం త్వరగా ముదురుతుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. వారిలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

ఈ మరణాల్లో ఎక్కువ భాగం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి వల్లే. పింజరి కరిస్తే వాపు, నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తాయి. రక్తపింజరి విషం కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. నాగుపాము కరిచినచోట వాచి, నొప్పి పుడుతుంది. మోసం చేసేది కట్లపాము. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్న పిల్లల్ని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పని లేచి వాంతి చేసుకుంటే, రాత్రి తిన్నది పడలేదేమో అనుకుంటారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగలేరు. ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. నేల మీద పడుకున్న బిడ్డకు రెప్పలు వాలితే పాముకాటేనేమోనని అనుమానించి తీరాలి.

కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా బద్ద కట్టి, బిడ్డను నడిపించకుండా ఎత్తుకునే తీసుకెళ్లాలి. పట్టీలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం హానికరం. పసర్లూ మంత్రాలూ విలువైన సమయాన్ని పోగొడతాయి. 108కు ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే పింజరి విషం ఎక్కిందన్నమాట. విషలక్షణాలు తేలితే మొదట ఎనిమిది నుంచి పది వయల్స్ విరుగుడు మందును సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. పిల్లలకైనా పెద్దలకైనా వయల్స్ సంఖ్య ఒకటే, ఎందుకంటే విరవాల్సింది విషాన్ని. బరువును బట్టి తగ్గించేది సెలైన్‌నే. లక్షణాలేవీ లేకపోతే మందు ఇవ్వరు, ఇరవై నాలుగు గంటలు కనిపెట్టి చూస్తారు.

ఈ మందు గుర్రం రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. అందుకే అడ్రినలిన్ సిరంజి పక్కనే సిద్ధంగా ఉంచుతారు. ఆ భయంతో మందు ఆపడం మాత్రం తగదు. ఊపిరి అందని బిడ్డను వెంటిలేటర్‌పై పెడతారు, కొందరికి అది రోజుల తరబడి అవసరమవుతుంది. కళ్లు తెరవలేకున్నా ఆ బిడ్డకు మాటలు వినపడుతుండవచ్చు. అమ్మానాన్నలు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. కిడ్నీలు దెబ్బతింటే డయాలసిస్ చేస్తారు.

ఇంటికి వెళ్లాక వారం, రెండు వారాల్లో జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే అవి ఆ మందు వల్లే కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపిస్తే మందులతో తగ్గిపోతాయి.