సాంఘిక ఆందోళన రుగ్మత

సాంఘిక ఆందోళన రుగ్మత అనునది ఒక మానసిక రుగ్మత. నలుగురిలో మాట్లాడవలసినప్పుడు, తినవలసినప్పుడు, ఏదైనా పని చేయవలసినప్పుడు ఇతరులు తనను తక్కువగా ఎంచుతారేమో, తాను నవ్వులపాలవుతానేమో అనే తీవ్రమైన భయం దీని ప్రధాన లక్షణం. దీనినే సోషల్ ఫోబియా అని కూడా వ్యవహరిస్తారు. మందుల చేతను, మాటల ద్వారా జరిపే చికిత్స చేతను దీనిని చాలావరకు నయం చేయవచ్చును. ఈ వ్యాసంలో రుగ్మత స్వభావం, చికిత్సా విధానాలు తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనుల ప్రాంతమైన రామగుండం, గోదావరిఖని పట్టణాల జీవన నేపథ్యంలో వివరించబడినవి.

పేరు, చరిత్ర

ఫ్రెంచి వైద్యుడు పియరీ జానే 1903లో సాంఘిక సందర్భాలకు భయపడే రోగులను ప్రత్యేకంగా వర్ణించాడు. 1966లో ఇంగ్లాండుకు చెందిన ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ దీనిని ఇతర భయాల నుండి వేరు చేశారు. అమెరికా మనోవైద్య సంఘం వారి రోగ నిర్ణయ గ్రంథంలో దీనికి 1980లో స్థానం లభించింది. మైకేల్ లీబోవిట్జ్ 1985లో దీనిని నిర్లక్ష్యానికి గురైన రుగ్మతగా పేర్కొని, 1987లో దీని తీవ్రతను కొలవడానికి 24 సందర్భాలతో ఒక కొలమానాన్ని రూపొందించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగ వర్గీకరణ పదకొండవ కూర్పులో (2022 నుండి అమలు) ఇది 6బి04 సంఖ్యతో ఉన్నది.

తెలుగులో దీనికి సమానమైన పాత మాట లేదు. సిగ్గు, బిడియం, బెరుకు, జంకు, సభాకంపం అనే మాటలున్నవి గాని అవన్నీ స్వభావాన్ని తెలుపునవే గాని రోగాన్ని తెలుపునవి కావు. తెలంగాణ పలుకుబడిలోని "బుగులు" అనే మాట దీనికి కొంత దగ్గరగా వస్తుంది. పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. పేరు లేని బాధను ఎవరూ వైద్యుని వద్దకు తీసుకొని పోరు.

లక్షణాలు

గుండె దడ, చేతుల వణుకు, చెమట, ముఖం ఎర్రబడుట, గొంతు ఎండిపోవుట, మాట తడబడుట, కడుపులో తిప్పినట్లుండుట శారీరక లక్షణాలు. మనసులో మాత్రం ఒకే ఆలోచన తిరుగుతూ ఉంటుంది: "నా వణుకు అందరికీ కనబడుతున్నది." సందర్భానికి ముందు రోజుల తరబడి దిగులు, సందర్భం ముగిసిన తరువాత ప్రతి మాటను గుర్తు చేసుకొని తనను తాను నిందించుకొనుట ఈ రుగ్మతలో తరచుగా కనబడతాయి. ఇటువంటి భయం సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండి, చదువునో ఉద్యోగాన్నో సంబంధ బాంధవ్యాలనో దెబ్బ తీస్తున్నప్పుడే దానిని రుగ్మతగా నిర్ణయిస్తారు. పెళ్లి చూపులకు ముందు కలిగే కంగారును, వేదిక ఎక్కేటప్పుడు కాళ్లు వణకడాన్ని రోగమని అనరాదు. కొందరికి వేదికపై ప్రసంగం వంటి ప్రదర్శనలలో మాత్రమే భయం కలుగుతుంది. వీరిని వైద్యులు వేరుగా గుర్తిస్తారు.

ఎక్కువ మందిలో ఇది 8 నుండి 15 సంవత్సరాల వయసులో, అనగా బడిలో ఉన్నప్పుడే మొదలవుతుంది. ఉపాధ్యాయులు గమనించవలసిన విషయమిది. అల్లరి చేసే పిల్లవాడు అందరి దృష్టిలో పడతాడు. జవాబు తెలిసి కూడా చేయి ఎత్తని పిల్లవాడు బుద్ధిమంతుడని మెప్పు పొంది, అదే మెప్పుతో పదవ తరగతి దాటిపోతాడు. చికిత్స లేనిచో నిస్పృహ వ్యాధి, మద్యపాన వ్యసనం దీనికి తోడయ్యే అవకాశం అధికం.

బొగ్గు గనుల ప్రాంతంలో

గోదావరిఖని గనులతో పుట్టిన ఊరు. వేర్వేరు జిల్లాల నుండి పని కోసం వచ్చిన కుటుంబాలు సింగరేణి క్వార్టర్లలో పక్కపక్కనే స్థిరపడినవి. ఇక్కడ ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా ఉండదు. తండ్రి ఏ గనిలో ఏ షిఫ్టులో పనిచేస్తాడో, కొడుకు ఏ పరీక్ష తప్పాడో కాలనీ అంతటికీ తెలుసు. ఈ దగ్గరితనం ఆపదలో కొండంత అండ. ఇతరుల చూపుకు భయపడే వ్యక్తికి మాత్రం ఇదే పెద్ద శిక్ష.

అనారోగ్యం వలన పనికి అనర్హుడైన లేక మరణించిన కార్మికుని స్థానంలో కుటుంబ సభ్యునికి ఉద్యోగమిచ్చే పద్ధతి సింగరేణిలో ఉన్నది. ఆ విధంగా చేరిన యువకుడు మొదట వృత్తి శిక్షణ పొంది, తరువాత గనికి వస్తాడు. భూగర్భంలో చీకటిలో, టోపీ దీపం వెలుగులో ఒకరి ముఖం ఒకరికి సరిగా కనబడదు. చెమట అందరికీ పడుతుంది. సాంఘిక ఆందోళన గల వ్యక్తికి అక్కడ ఇబ్బంది లేకపోవచ్చును గాని, పైన మస్టర్ పడే చోట, క్యాంటీనులో, అధికారి గదిలో గుండె జారిపోతుంది. పదోన్నతికి మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ వంటి యోగ్యతా పత్రాలు కావాలి. మౌఖిక పరీక్ష ఉన్న చోట చదువు వచ్చినా నోరు రాదు.

దీనికన్న ముఖ్యమైనది భద్రత. పైకప్పులో పగులు కనిపించినా, శబ్దం వినిపించినా వెంటనే పై వారికి తెలుపుట గని పనిలో ప్రథమ నియమం. "నేను చెప్పినది తప్పయితే అందరూ నవ్వుతారు" అని ఒక్క క్షణం జంకినా ఆ క్షణం విలువ ప్రాణమంత. కనుక ఈ ప్రాంతంలో ఈ రుగ్మతను సిగ్గరితనమని తీసివేయడం తగదు.

1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య తరువాతి దశాబ్దాలలో సగానికన్న తక్కువకు పడిపోయింది. తండ్రి ఉద్యోగం తమకు రాని యువతీయువకులు హైదరాబాదు వంటి నగరాలలో ఇంటర్వ్యూలకు వెళ్లవలసి వచ్చింది. ఊరి యాసలో మాట్లాడితే నవ్వుతారేమో, ఆంగ్లం తప్పుతుందేమో అనే భయాలు అక్కడ తోడవుతాయి. యాస గురించి బిడియపడుట రోగం కాదు. ఆ బిడియం వలన ఇంటర్వ్యూకే పోకుండా మానుట ఆలోచించవలసిన విషయం.

మాటల చికిత్స

ఈ రుగ్మతకు అధికంగా పరీక్షించబడిన చికిత్స సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స. అనగా ఆలోచనను, ప్రవర్తనను కలిపి సరిదిద్దే పద్ధతి. 1995లో డేవిడ్ క్లార్క్, ఆడ్రియన్ వెల్స్ దీనికి ఆధారమైన ఒక నమూనాను ప్రతిపాదించారు. దాని ప్రకారం రోగి దృష్టి ఎదుటివారి మీద ఉండదు, తన మీదనే ఉంటుంది. తాను లోపల ఎంత వణకుతున్నాడో బయటికి అంతగానే కనబడుతున్నానని భావిస్తాడు. ఆ వణుకును దాచుకొనుటకు కొన్ని ఉపాయాలు పన్నుతాడు. టీ గ్లాసును రెండు చేతులతో బిగించి పట్టుకొనుట, వెనుక వరుసలో కూర్చొనుట, చెప్పదలచిన వాక్యాన్ని మనసులో పదిసార్లు వల్లించుకొనుట ఇటువంటివి. వీటివలన భయం తగ్గదు. ఏ ప్రమాదమూ జరగకపోతే "ఉపాయం వలన బయటపడ్డాను" అనుకుంటాడే గాని "ప్రమాదమే లేదు" అని నేర్చుకొనడు. గ్లాసును బిగించి పట్టుకొన్నకొద్దీ వణుకు పెరుగుతుంది కూడా.

చికిత్సలో రోగి ఆ ఉపాయాలను విడిచి సందర్భాన్ని ఎదుర్కొని, తాను ఊహించినది నిజంగా జరిగినదా లేదా అని చూస్తాడు. ఇది ఒక విధమైన ప్రయోగం. కొన్నిసార్లు రోగి మాట్లాడుతుండగా వీడియో తీసి అతనికే చూపుతారు. తాను అనుకున్నంత వికారంగా లేనని చూచి చాలామంది ఆశ్చర్యపోతారు.

భయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కొనుట ఇందులో ముఖ్యభాగం. గోదావరిఖని యువకుని మెట్లు ఇలా ఉండవచ్చును: మొదట కూరగాయల మార్కెట్టులో ధర అడిగి, కొనకుండా తిరిగి వచ్చుట. తరువాత బస్సులో మంచిర్యాలకు టికెట్టు గట్టిగా అడుగుట. ఆ పిమ్మట హోటలులో పదిమంది ముందు గ్లాసును ఒక్క చేత్తో పట్టుకొని టీ త్రాగుట. ఇంకా పైన, పెళ్లి విందులో పరిచయం లేనివారి పక్కన కూర్చొని భోజనం చేయుట. చిట్టచివర, కార్మికుల సమావేశంలో లేచి ఒక ప్రశ్న అడుగుట. ఒక మెట్టు మీద భయం తగ్గేవరకు దానినే పలుమార్లు చేయాలి. ఒక్కసారి చేసి వదిలివేయుట వలన ప్రయోజనం స్వల్పం. "నలుగురిలోకి పో, అదే పోతుంది" అని ఇంట్లోవారు తోసివేయుట ఈ చికిత్స కాదని గ్రహించాలి. మెట్లను రోగి, చికిత్సకుడు కలిసి నిర్ణయిస్తారు.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దలకు మొదటి చికిత్సగా వ్యక్తిగతంగా ఇచ్చే ఈ విధానాన్నే సూచించాయి. క్లార్క్ పద్ధతిలో ఒక్కొక్కటి 90 నిమిషాల చొప్పున 14 వరకు సమావేశాలు సుమారు నాలుగు నెలల పాటు జరుగుతాయి. అమెరికాలో రిచర్డ్ హైంబర్గ్ బృందంగా కూర్చోబెట్టి చేసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. 2014లో 101 పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణలో వ్యక్తిగత చికిత్స ఫలితాలు మెరుగుగా కనిపించాయి.

మందులు

సెరటోనిన్ పునఃశోషణను నిరోధించే ఎస్.ఎస్.ఆర్.ఐ. మందులు దీనికి మొదటి వరుసలోనివి. పారోక్సెటిన్‌ను ఈ రుగ్మతకు వాడుటకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లో అనుమతించింది. సెర్ట్రలిన్‌కు 2003లో అనుమతి లభించింది. ఎస్సిటాలోప్రామ్ కూడా విరివిగా వాడబడుతున్నది. వెన్లాఫాక్సిన్ దీనికి దగ్గరి తరగతిలోని మందు. ఇవన్నీ భారతదేశంలో వైద్యుని చీటీపై లభిస్తాయి.

ఈ మందులు తలనొప్పి మాత్రల వలె వెంటనే పని చేయవు. గుణం కనబడుటకు నాలుగు నుండి ఆరు వారాలు, పూర్తి ఫలితానికి పన్నెండు వారాల వరకు పట్టవచ్చును. వికారం, తలనొప్పి, నిద్రలో మార్పు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అనగా కష్టం ముందు, సుఖం వెనుక. ఈ సంగతి ముందుగా తెలియనందున పది రోజులకే మందు మానివేసేవారు ఎందరో. లైంగిక సమస్యలు కూడా కలుగవచ్చును. సిగ్గుపడక వైద్యునికి చెప్పినచో మందు లేక మోతాదు మార్చుతారు. 25 సంవత్సరాల లోపు వారిలో తొలి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశమున్నందున ఇంట్లోవారు కనిపెట్టి ఉండాలి. గుణం కనిపించిన తరువాత కూడా ఆరు నెలలు లేక అంతకు మించి కొనసాగించి, వైద్యుని సలహాపై క్రమంగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపినచో తలతిరుగుడు, చికాకు, నిద్రలేమి కలుగుతాయి; పారోక్సెటిన్ విషయంలో ఇది ఎక్కువ.

క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి బెంజోడయజెపైన్లు గంటలోపే భయాన్ని తగ్గిస్తాయి. అందుకే అవి ప్రమాదకరం. అలవాటుగా మారి, మానితే వణుకు, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు కూడా వస్తాయి. తెలంగాణలో ఈ సంగతి చేదు అనుభవంగా తెలిసినదే. కల్తీ కల్లులో డయజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లును అరికట్టినప్పుడు, దానికి అలవాటుపడినవారు విపరీత లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. మద్యంతో కలిపి ఈ మాత్రలు వేసుకొనుట ప్రాణాంతకం కాగలదు. "నాలుగు చుక్కలు పడితే మాట వస్తుంది" అని త్రాగే వ్యక్తి నిజానికి తనకు తానే తప్పుడు చికిత్స చేసుకొంటున్నాడు.

గనులలో పనిచేసేవారికి మరొక జాగ్రత్త అవసరం. మగత కలిగించే మందు వేసుకొని డంపర్ నడపడం, భూగర్భ యంత్రాల వద్ద నిలబడడం అపాయకరం. కాబట్టి తాను చేసే పనిని, రాత్రి షిఫ్టు వివరాలను వైద్యునికి తప్పక చెప్పాలి. ప్రొప్రనొలాల్ అనే మందు గుండె దడను, వణుకును తగ్గిస్తుంది; ఒక ప్రసంగానికో, మౌఖిక పరీక్షకో ముందు కొందరికి ఇస్తారు. రుగ్మత మొత్తానికి ఇది చికిత్స కాదు. ఉబ్బసం గలవారు దీనిని వాడరాదు. బొగ్గు ధూళి మధ్య పనిచేసి ఊపిరితిత్తుల ఇబ్బంది గలవారు ఈ ప్రాంతంలో ఉన్నందున స్నేహితుడిచ్చిన మాత్రను వేసుకొనుట ఎంతమాత్రం తగదు.

మందులా, మాటలా?

1998లో హైంబర్గ్ బృందం ప్రచురించిన పరిశోధనలో పన్నెండు వారాల తరువాత బృంద చికిత్స, ఫెనెల్జిన్ అనే మందు దాదాపు సమానంగా పని చేసినవి; మందు గుణం త్వరగా చూపింది. ఆపిన తరువాత మాత్రం మందు వాడినవారిలో రుగ్మత తిరగబెట్టుట ఎక్కువగా కనబడింది. రెండింటినీ కలిపితే అధిక ప్రయోజనమా అను ప్రశ్నకు ఒకే జవాబు రాలేదు: 2004 నాటి ఒక పరిశోధనలో కలిపి వాడుట వలన అదనపు లాభం కనబడలేదు, 2010 నాటి మరొక దానిలో కనబడింది. మార్కెట్టుకు పోవుటకు కూడా కాళ్లు రాని వ్యక్తికి మందు మొదటి మెట్టు ఎక్కే బలమిస్తుంది. శిక్షణ పొందిన చికిత్సకులు దగ్గరలో లేని చోట మందే ముందుగా అందుబాటులోకి వస్తుంది. మన జిల్లాలలో ఎక్కువ భాగం అటువంటివే.

చికిత్స అందే చోట్లు

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, దానిలో భాగంగా జిల్లా కార్యక్రమం 1996లో మొదలైనవి. బెంగుళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్న వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు.

సింగరేణి సంస్థకు గోదావరిఖనిలో ఏరియా ఆసుపత్రి, కొత్తగూడెంలో ప్రధాన ఆసుపత్రి ఉన్నవి. రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల రాష్ట్రంలో పెద్దది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చును. ముఖాముఖి మాట్లాడుటకే భయపడే రోగికి ఫోను ఒక మంచి ఆరంభం, ఫోనుకే భయపడేవారి తరఫున ఇంట్లోవారు చేయవచ్చును.

మందులు వాడుతున్నట్లు తెలిస్తే ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనని కార్మికులు సంకోచించుట సహజం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (అమలు 2018 మే 29 నుండి) రోగి వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కును కల్పిస్తున్నది. వైద్య బీమాలో మానసిక వ్యాధులను శారీరక వ్యాధులతో సమానంగా చూడాలని కూడా అదే చట్టం ఆదేశిస్తున్నది.