మీకు తెలుసా? ఇంజను వేడెక్కకున్న దోషమెచ్చట?

కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో 2014 వరకు నిర్మితమైన అంబాసిడరు మొదలుగా, నీటితో చల్లబడు కార్ల ఇంజనులందు థర్మోస్టాటు అను చిన్న కవాటము కలదు. నేటి కవాటములలోని మైనము సుమారు 80 డిగ్రీల సెల్సియసు దాటినంతట కరగి, వ్యాకోచించి, అంతవరకు ఇంజనునందే తిరుగాడిన నీటికి రేడియేటరు దారిని తెరచును. అది తెరచుకొనియే బిగిసిపోయినచో ఇంజను వేడెక్కుట ఆలస్యమై, ఇంధనవ్యయము హెచ్చి, యంత్రభాగములు త్వరగా అరుగును.

పరీక్ష సులభము: చల్లని ఇంజనును నడిపించి, పంకాకు చేయి తగులకుండ, రేడియేటరు పైగొట్టమును తాకి చూడవలెను. గొట్టము తొలినుండియే మెల్లమెల్లగా వెచ్చబడుచున్నచో కవాటము మూసికొనుట లేదనియు, చాలసేపు చల్లగానుండి పిమ్మట ఒక్కసారిగా వేడెక్కినచో అది నిర్దోషమనియు గ్రహింపవచ్చును. వేసవికి వెరచి కవాటమునే తొలగించుట ఇంజను ఆయువునకు చేటు.